ఫిట్జ్‌జెరాల్డ్‌ల మూలం ఎక్కడ? ఫ్లోరెన్స్ కథ, పెంబ్రోక్ చరిత్ర

ఐర్లండ్ మధ్యయుగ చరిత్ర ఎక్కడ తెరిచినా ఫిట్జ్‌జెరాల్డ్‌లు కనిపిస్తారు. కిల్డేర్ ఎర్ల్‌లు వాళ్లే, డెస్మండ్ ఎర్ల్‌లూ వాళ్లే (ఎర్ల్ అంటే పెద్ద ప్రభువుకిచ్చే బిరుదు). ఇవాళ ఐరిష్ పార్లమెంటు నడుస్తున్న లెన్‌స్టర్ హౌస్ కూడా 18వ శతాబ్దంలో కిల్డేర్ ఎర్ల్ ఒకాయన డబ్లిన్‌లో కట్టించుకున్న ఇల్లే. జాన్ ఎఫ్. కెన్నెడీ పేరు మధ్యలో ఉన్న ఆ ఎఫ్ వాళ్లమ్మ రోజ్ ఫిట్జ్‌జెరాల్డ్ పుట్టింటి పేరు (అలాగని ఆ ఇంటిపేరున్న వాళ్లందరూ ఎర్ల్‌ల వారసులని కాదు). మరి ఇంత పెద్ద కుటుంబం మొదట ఎక్కడిది అని వెతికితే తరచూ ఎదురయ్యే జవాబు ఇటలీలోని ఫ్లోరెన్స్, అక్కడి గెరార్దీని వంశం. ఈ జవాబు తప్పని గట్టిగానే చెప్పొచ్చు. నాకు అంతకన్నా బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఈ కథ మెరుపులో పడి, ఈ కుటుంబాన్ని నిజంగా నిలబెట్టిన ఒక ఆడమనిషి పేరు వెనక్కి వెళ్లిపోయింది.

ముందు ఫ్లోరెన్స్ సంగతి. 1440లోనే ఆ నగర ప్రభుత్వం తరఫున డెస్మండ్ ఎర్ల్ జేమ్స్‌కి ఒక ఉత్తరం వెళ్లింది, మీ పూర్వీకులు మా ఊరివాళ్లే అన్నట్టుగా. 1507లో కిల్డేర్ ఎనిమిదో ఎర్ల్ జెరాల్డ్, జనం గారెట్ మోర్ అని పిలుచుకున్న ఆయన, తనే గెరార్దీనిలకు రాశాడు. మన పెద్దల సంగతులు తెలియజేయండి, ఇక్కడినుంచి మీకు డేగలు, గుర్రాలు, వేటకుక్కలు ఏం కావాలన్నా పంపిస్తాను అని. ఇంగ్లండ్ రాజు ప్రతినిధిగా ఐర్లండ్‌ను దశాబ్దాల పాటు శాసించిన మనిషి అలా రాశాడు. గెరార్దీనిలు మాత్రం అప్పటికే చితికిపోయిన పాత కులీనులు. మోనా లిసా బొమ్మలో ఉన్న లీసా గెరార్దీని ఆ వంశపు పిల్లే, ఆ ఉత్తరం వెళ్లేనాటికి ఆమె ఫ్లోరెన్స్‌లో ఒక పట్టు వ్యాపారి భార్య. ఆ తర్వాత 1534లో గారెట్ మోర్ మనవడు సిల్కెన్ థామస్ ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మీద తిరగబడి, 1537లో ఐదుగురు చిన్నాన్నలతో కలిసి లండన్‌లో ఉరికంబం ఎక్కాడు. మిగిలిన పసివాణ్ని, థామస్‌కి సవతి తమ్ముడయ్యే జెరాల్డ్‌ని, ఒక చోటినుంచి ఇంకో చోటికి దాస్తూ చివరికి ఇటలీ చేర్చారు. కార్డినల్ రెజినాల్డ్ పోల్ అతన్ని చేరదీశాడు, ఆపైన అతను ఫ్లోరెన్స్ డ్యూక్ కోసిమో దగ్గర అశ్వశాల అధికారిగా కొలువు చేసి, 1554లో పదవి తిరిగి సంపాదించుకున్నాడు. బంధుత్వం కల్పనే అయినా ఆ నగరంతో అనుబంధం ఇలా నిజమైంది కాబట్టి, కథ ఇంకా బలంగా నాటుకుపోయి ఉంటుందని నా ఊహ.

కానీ రికార్డులు వేరే దారి చూపిస్తాయి. 1086లో ఇంగ్లండ్ రాజు రాయించిన భూముల చిట్టా, డూమ్స్‌డే లెక్కల్లో వాల్టర్ ఫిట్జ్ ఓథర్ అనే ఆయన ఉన్నాడు. విండ్సర్ కోట ఆయన చేతిలో ఉండేది, చుట్టుపక్కల జిల్లాల్లో భూములున్నాయి. ఫిట్జ్ అంటే ఫలానావారి కొడుకు అని, అంతే. ఓథర్ కొడుకు వాల్టర్, వాల్టర్ కొడుకుల్లో ఒకడు జెరాల్డ్, ఆ జెరాల్డ్ కొడుకు మారిస్ కాబట్టి ఫిట్జ్‌జెరాల్డ్. వాల్టర్ పెద్దకొడుకు సంతతి ఇంగ్లండ్‌లోనే ఉండిపోయి విండ్సర్ అనే పేరుతో సాగింది, వాళ్లకి జెరాల్డ్ అన్న మాటే అంటలేదు. గెరార్దీని అనే ఇంటిపేరు ఇటలీ నుంచి వచ్చి ఫిట్జ్‌జెరాల్డ్‌గా మారిందనుకుంటే అన్నదమ్ములందరికీ రావాలి కదా? రాలేదు. పేర్లు వినడానికి దగ్గరగా ఉండటమే ఆ బంధుత్వానికి మొత్తం ఆధారం. ఓథర్‌కి అవతల నమ్మదగిన కాగితం లేదు, అక్కడితో ఆగడమే మర్యాద.

ఈ విండ్సర్ జెరాల్డ్ నైరుతి వేల్స్‌లో పెంబ్రోక్ కోటకు అధిపతి. 1096లో వేల్స్ సైన్యం కోటను ముట్టడించింది. పదిహేనుమంది నైట్‌లు రాత్రికి రాత్రి పారిపోతే, వాళ్ల భూములను వాళ్ల అనుచరులకే అక్కడికక్కడ ఇచ్చేసి వాళ్లను నైట్‌లు చేశాడు. లోపల తిండి అడుగంటింది, మిగిలినవి నాలుగు పందులు. వాటిని కోసి ముక్కల్ని గోడమీంచి శత్రువుల మీదికి విసిరేయించాడు, లోపల తిండి పారేసుకునేంత ఉందని వాళ్లు నమ్మాలని. ఇంకో నాలుగు నెలలు మాకు ఎవరి సాయమూ అక్కర్లేదని ఒక ఉత్తరం రాయించి, అది పొరపాటున జారిపోయినట్టు అవతలివాళ్లకి దొరికేలా చేశాడు. ముట్టడి ఎత్తేశారు. ఇది రాసింది ఆయన మనవడే (కూతురి కొడుకు) కాబట్టి కాస్త ఉప్పూకారం చేర్చి ఉండొచ్చు.

ఆ తర్వాత జెరాల్డ్ పెళ్లాడింది నెస్ట్‌ని. ఆమె నైరుతి వేల్స్‌లోని డెహ్యూబార్త్ రాజ్యపు రాజు రీస్ అప్ ట్యూడర్ కూతురు. తండ్రి 1093లో నార్మన్ల చేతిలో (ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలుచుకున్నవాళ్లు) చనిపోయాడు, కూతుర్ని నార్మన్ కోటాధిపతికి ఇచ్చారు. ఆమెను అడిగి చేసిన పెళ్లి అని నేను అనుకోను. ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ వల్ల ఆమెకు ఒక కొడుకు కూడా ఉన్నాడు. 1109లో ఆమెకు దూరపు చుట్టమైన ఓవైన్ అప్ కడూగన్ అనే వేల్స్ రాకుమారుడు రాత్రిపూట వాళ్లు ఉంటున్న కోటలోకి చొరబడి నిప్పు పెట్టాడు. అప్పుడు నెస్ట్ భర్తని తలుపు దగ్గరికి వెళ్లవద్దని ఆపి, మరుగుదొడ్డి కంత గుండా బయటికి పంపించింది. ఆయన బతికాడు, ఆమెనూ పిల్లల్నీ ఓవైన్ ఎత్తుకుపోయాడు. నేను నీ దగ్గర ఉండాలంటే పిల్లల్ని వాళ్ల నాన్న దగ్గరికి పంపించెయ్ అని అక్కడికి వెళ్లాక ఆమె పట్టుబట్టి పిల్లల్ని విడిపించింది. వేల్స్ పాత వృత్తాంతాలు ఈమెను అందగత్తెగా తలుచుకుంటాయి గానీ, నాకు కనిపించేది ఆపద మధ్యలో భర్త ప్రాణాన్నీ పిల్లల్నీ కాపాడిన తల్లి. ఏడేళ్ల తర్వాత, 1116లో, జెరాల్డ్ చేతిలోనే ఓవైన్ పోయాడు.

నెస్ట్‌కి వేరే పురుషుడి వల్ల పుట్టిన మరో కొడుకు రాబర్ట్ ఫిట్జ్ స్టీఫెన్. వేల్స్‌లోని కార్డిగాన్ కోట అతనిది. 1160ల్లో వేల్స్ మళ్లీ పుంజుకుంది, దాన్ని నడిపించింది లార్డ్ రీస్, అంటే నెస్ట్ సోదరుడి కొడుకు. సొంత మేనమామ కొడుకు చేతిలోనే రాబర్ట్ ఖైదయ్యాడు. సరిగ్గా అప్పుడే ఐర్లండ్‌లోని లెన్‌స్టర్ రాజు డైర్మిడ్ మక్‌మురో రాజ్యం పోగొట్టుకుని సైనికుల కోసం వెతుకుతూ వచ్చి, వెక్స్‌ఫర్డ్ పట్నాన్నీ దాని పక్కన భూముల్నీ రాబర్ట్‌కీ, అతని సవతి అన్న మారిస్ ఫిట్జ్‌జెరాల్డ్‌కీ ఇస్తానని మాటిచ్చాడు. వేల్స్‌లో చోటు ఇరుకైపోతున్న ఈ కుటుంబానికి ఐర్లండ్ దారి దొరికింది.

1169 మే నెలలో ఐర్లండ్‌లోని బానో తీరంలో రాబర్ట్ ముప్పైమంది నైట్‌లతో, మూడువందల విలుకాళ్లతో దిగాడు. వెంట వచ్చిన ముఖ్యుల్ని చూడండి: రాబర్ట్ డి బారీ నెస్ట్ కూతురి కొడుకు, మైలర్ ఫిట్జ్ హెన్రీ ఆమెకీ హెన్రీ రాజుకీ పుట్టిన కొడుకు కొడుకు, మైల్స్ ఆమె ఇంకో కొడుకు బిషప్ డేవిడ్ సంతానం. తర్వాత మారిస్ వచ్చాడు, 1170లో నెస్ట్ మనవడు రేమండ్ వచ్చాడు. ఇందులో తండ్రులు వేరు, ఇంటిపేర్లు వేరు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది నెస్ట్ ఒక్కతే. జెరాల్డ్ వైపు నుంచి మాత్రమే వంశవృక్షం గీస్తే రాబర్ట్ ఫిట్జ్ స్టీఫెన్, మైలర్ మిగతావాళ్లకి ఏమీ కారు.

ఈ సంగతి ఆనాటివాళ్లకి బాగా తెలుసు. వేల్స్‌కి చెందిన రచయిత, మతగురువు జెరాల్డ్, పందుల కథ రాసినది ఈయనే, నెస్ట్ కూతురు అంఘరాడ్ కొడుకు. మారిస్, రాబర్ట్ ఇద్దరూ ఆయనకి మేనమామలు, బారీ సొంత అన్న. 1189 నాటికి ఐర్లండ్ ఆక్రమణ మీద ఆయన రాసిన పుస్తకంలో తన వాళ్లని ఆకాశానికెత్తేశాడు. ఐరిష్ ప్రజలను చిన్నచూపు చూసిన రాత అది, దాన్ని జాగ్రత్తగానే చదవాలి. అయితే వంశం విషయంలో మాత్రం ఆయన రెండు వైపులా చెప్పాడు: వీళ్లకి ధైర్యం ట్రోజన్ల నుంచి, ఆయుధ విద్య ఫ్రెంచివాళ్ల నుంచి వచ్చాయని. వేల్స్ వాళ్లు తమను ట్రాయ్ సంతతి అనుకునేవారు కాబట్టి అది అమ్మమ్మ వైపు.

మారిస్ 1176లో పోయాడు. ఒక కొడుకు జెరాల్డ్ సంతతికి 1316లో కిల్డేర్ ఎర్ల్ పదవి, ఇంకో కొడుకు థామస్ సంతతికి 1329లో డెస్మండ్ ఎర్ల్ పదవి వచ్చాయి. తరాలు గడిచేకొద్దీ వీళ్లు ఐరిష్ మాట్లాడారు, మూడో డెస్మండ్ ఎర్ల్ ఐరిష్‌లో కవిత్వమే రాశాడు. ఇంగ్లండ్ దర్బారుకి వీళ్లు మరీ ఐరిష్ అయిపోయారు, ఐరిష్‌లో రాసే గేలిక్ కవుల లెక్కలో పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు. అలాంటప్పుడు ఇద్దరి కంటే పాతదీ గొప్పదీ అయిన ఒక ఇటలీ వంశం దొరకడం వాళ్లకి ఎంత అవసరమో అర్థమవుతుంది, ఆ ఎర్ల్‌ల మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఇవాళ ఈ కుటుంబ చరిత్ర రాసేవాళ్లకి ఆ అవసరం లేదు. మొదటి పేజీలో ఫ్లోరెన్స్ తీసేసి, పెంబ్రోక్ జెరాల్డ్ పక్కన, అదే సైజు అక్షరాల్లో, నెస్ట్ పేరు వెయ్యాలి.