48 గంటల కాగితం: అమెరికా జైళ్లు ఐస్‌కు ఎందుకు కాదంటున్నాయి

2025లో ఐస్ (అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఇమిగ్రేషన్ అమలు విభాగం) అధికారులు ముఖాలకు ముసుగులేసుకుని లాస్ ఏంజెలెస్, షికాగో వీధుల్లో మనుషుల్ని పట్టుకోవడం మొదలైనప్పటి నుంచీ, వైట్‌హౌస్ సరిహద్దు వ్యవహారాలు చూసే టామ్ హోమన్ ఒకే వాదన వినిపిస్తున్నారు: స్థానిక జైళ్లు సహకరిస్తే తమవాళ్లకు వీధుల్లోకి రావాల్సిన పనే ఉండదని. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఒకప్పుడు తెరిచే ఉన్న జైలు తలుపు ఎందుకు మూసుకుందన్నది ఈ వాదనలో ఎక్కడా రాదు.

ఐస్‌కు సహకరించని ‘ఆశ్రయ నగరాల’ (శాంక్చువరీ సిటీస్) కథను చాలామంది 1980ల్లో మధ్య అమెరికా శరణార్థులకు చర్చిలు ఆశ్రయం ఇచ్చిన రోజుల నుంచి ఎత్తుకుంటారు. అది తెలిసిన కథే. నా దృష్టిలో అసలు మలుపు 2014.

అప్పటికి ఆరేళ్లుగా ‘సెక్యూర్ కమ్యూనిటీస్’ అనే పథకం నడుస్తోంది. పోలీసులు ఎవరిని అరెస్టు చేసినా వేలిముద్రలు ఎఫ్‌బీఐ మీదుగా ఇమిగ్రేషన్ శాఖకు చేరేవి. అనుమానం వస్తే ఐస్ ఆ జైలుకు డిటైనర్ అనే కాగితం పంపేది. బెయిల్ వచ్చినా సరే, మేం వచ్చేదాకా 48 గంటలు వదలొద్దని దాని సారాంశం. శని, ఆదివారాలు, సెలవులు ఆ లెక్కలోకి రావు. అంటే శుక్రవారం సాయంత్రం బెయిల్ కట్టిన మనిషి మంగళవారం దాకా లోపలే ఉండొచ్చు.

2008 నవంబరులో పెన్సిల్వేనియాలోని లీహై కౌంటీ (మన జిల్లా లాంటిది) జైల్లో ఒకతనికి దాదాపు ఇదే జరిగింది. మాదకద్రవ్యాల కేసులో పట్టుకున్నారు. ఆ తర్వాత జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. పుట్టింది న్యూజెర్సీలో, అంటే అమెరికా పౌరుడే. పర్సులో డ్రైవింగ్ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు ఉన్నాయి. శుక్రవారం బెయిల్ సొమ్ము కట్టారు. వదిలింది సోమవారం రాత్రి.

అతను కౌంటీ మీద దావా వేస్తే, ఫెడరల్ ఆదేశం వచ్చాక మేం చేయగలిగిందేముంది అని కౌంటీ వాదించింది. ఆ వాదనకు ఆధారం కూడా ఉంది. నిబంధనలో ‘ఉంచాలి’ అనే రాసి ఉంది. అయితే దాని శీర్షికలో ‘శాఖ అభ్యర్థన మేరకు’ అనీ ఉంది. 2014 మార్చిలో మూడో సర్క్యూట్ అప్పీల్ కోర్టు 2-1 తీర్పుతో డిటైనర్ అభ్యర్థనే తప్ప ఆదేశం కాదని తేల్చింది. ఆదేశంగా చదివితే, రాష్ట్రాల అధికారాలను కాపాడే రాజ్యాంగం 10వ సవరణకు విరుద్ధమవుతుందని చెప్పింది.

ఆ మాటకు పునాది 1997లో పడింది, అదీ తుపాకుల కేసులో. తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాలు స్థానిక పోలీసులే పరిశీలించాలన్న ఫెడరల్ చట్టం మీద మోంటానా, ఆరిజోనాలకు చెందిన ఇద్దరు షెరీఫ్‌లు (కౌంటీ పోలీసు అధిపతులు) సుప్రీంకోర్టుకెక్కారు. రాష్ట్రాల అధికారుల చేత కేంద్రం తన చట్టాన్ని బలవంతంగా అమలు చేయించలేదని జస్టిస్ స్కాలియా 5-4 మెజారిటీ తీర్పు రాశారు. నేడు నగరాలు చేతపట్టుకున్న కవచం సంప్రదాయవాద న్యాయమూర్తుల చేతుల్లో తయారైనదే.

అభ్యర్థన అని తేలాక బాధ్యత మొత్తం దాన్ని మన్నించినవాడి నెత్తిన పడింది. ఆ ఏప్రిల్‌లోనే ఒరెగాన్‌లోని క్లాకమస్ కౌంటీ కేసులో, కేవలం డిటైనర్ చూపి ఒక మహిళను జైల్లో ఉంచడం అకారణ నిర్బంధం నుంచి రక్షించే 4వ సవరణను ఉల్లంఘించడమేనని ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. నష్టపరిహారం కట్టాల్సింది ఐస్ కాదు, కౌంటీ. వారాలు తిరక్కుండానే దేశమంతటా ఎన్నో కౌంటీలు డిటైనర్లను పక్కన పెట్టేశాయి. నవంబరులో ఒబామా ప్రభుత్వం ఆ కోర్టు తీర్పులను ప్రస్తావిస్తూనే పథకాన్ని ఆపేసింది.

రెండోవైపు బాధా చిన్నది కాదు. 2015 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో ఒక యువతి తుపాకీ గుండుకు బలైంది. నిందితుడు ఐదుసార్లు దేశం నుంచి పంపించేసిన వ్యక్తి. అంతకు కొన్ని నెలల ముందు షెరీఫ్ శాఖ డిటైనర్‌ను పక్కన పెట్టి, ఐస్‌కు కబురైనా చేయకుండా అతన్ని వదిలేసింది. 2017లో జ్యూరీ హత్యానేరం కొట్టేసినా, ఒక్క ఫోను చేసి ఉండాల్సిందన్న ప్రశ్న న్యాయమైనదే. ఐస్‌కు సహకరించని నగరాలకు ఫెడరల్ నిధులు ఆపేస్తామన్న ట్రంప్ 2017 జనవరి ఉత్తర్వుకు ఊపునిచ్చింది ఆ కేసే. ఆ ఉత్తర్వును ఫెడరల్ జడ్జి విలియం ఆరిక్ నిలిపేశారు.

స్థానిక స్వేచ్ఛ అనే మాటకూ ఒక హద్దుంది. 10వ సవరణ కాపాడేది రాష్ట్రాన్ని. నగరాన్ని సొంత రాష్ట్రం నుంచి కాదు. అందుకే టెక్సస్ 2017లోనే డిటైనర్లను మన్నించని షెరీఫ్‌లకు శిక్షలు పెట్టింది. ఫ్లోరిడా సహకారాన్ని తప్పనిసరి చేసింది. ఇలినాయ్ ఎదురు దారి పట్టింది. కేవలం డిటైనర్ చూసి ఎవరినీ ఉంచొద్దని 2017లో చట్టం చేసింది. సంతకం పెట్టింది రిపబ్లికన్ గవర్నర్ బ్రూస్ రౌనర్. ఆ చట్టం మీద ట్రంప్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో వేసిన దావాను జులైలో ఫెడరల్ కోర్టు అదే 10వ సవరణ ఆధారంగా కొట్టేసింది.

జడ్జి సంతకం ఉన్న వారంటు తెస్తే అప్పగిస్తామని ఇలినాయ్ మొదటి నుంచీ అంటోంది. 2017లో ఐస్ డిటైనర్ ఫారం మార్చి, దానికి వారంటు జతచేయడం మొదలుపెట్టింది. ఆ వారంటు మీద సంతకం ఇమిగ్రేషన్ అధికారిది. జడ్జి సంతకానికి అందులో చోటు లేదు.