మట్టికుప్ప కింద ఉన్న ఉపజాతి ఏది?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, థర్‌స్టన్ కౌంటీలో కొన్ని నేలల్లో ఇల్లు కట్టాలంటే ముందు మట్టికుప్పల కోసం చూస్తారు. విసనకర్రలా పరుచుకున్న కుప్ప, ఓ పక్కన మట్టితోనే మూసేసిన కన్నం కనిపిస్తే కింద మజామా పాకెట్ గోఫర్ అనే, బొరియల్లో బతికే ఎలుకలాంటి జంతువు ఉన్నట్టే. ఒలింపియా, టెనినో, యెల్మ్, రాయ్ ప్రెయిరీ అనే దాని నాలుగు ఉపజాతులకు 2014లో, అంతరించే ప్రమాదమున్న జీవుల్ని కాపాడే అమెరికా కేంద్ర చట్టం రక్షణ ఇచ్చింది. ఈ నాలుగూ నిజంగా వేర్వేరేనా అనే ప్రశ్నకు అందుకే ఇంత బరువు వచ్చింది.

యెల్మ్ గోఫర్‌కు 1899లో పేరు పెట్టినవాడు జంతుశాస్త్రజ్ఞుడు మెరియమ్. మిగతా మూడింటికీ 1942లో డాల్క్వెస్ట్, షెఫర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్టారు. అప్పటి పద్ధతి చేతిపని. జంతువును పట్టి, చర్మంలో దూది కూరి, పుర్రెను శుభ్రం చేసి కాలిపర్ అనే కొలత పరికరంతో కొలిచేవారు. బొచ్చు రంగు, పుర్రె వెడల్పు తేడాగా ఉంటే కొత్త ఉపజాతి. గోఫర్ల విషయంలో ఆ తేడాలకు కొదవే లేదు. ఇవి ఒంటరిగా బతుకుతాయి, ఎక్కువ దూరం పోవు, గట్టి నేల అడ్డొస్తే అక్కడే ఆగిపోతాయి. బొచ్చు కూడా చాలాచోట్ల ఆ ఊరి మట్టి రంగులోనే ఉంటుంది. దగ్గరి బంధువైన బోటా గోఫర్‌కు ఇలా 150కి పైగా ఉపజాతి పేర్లు పోగుపడ్డాయి.

ఈ కొలతల్ని ఎంతవరకు నమ్మాలి? కాలిఫోర్నియాలో జీవశాస్త్రజ్ఞుడు జేమ్స్ ప్యాటన్ బృందం గమనించిన సంగతి నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. ఆల్ఫాల్ఫా అనే పశుగ్రాసం పండే పొలాల్లో పుష్కలంగా తిండి దొరికే గోఫర్లు, పక్కనే బీడులో ఉన్న వాటికంటే పెద్దగా పెరుగుతున్నాయి. అంటే ఒళ్లు పెద్దదైనంత మాత్రాన వంశం వేరని చెప్పలేం. 1942 నాటి ఆ మూడూ మొదట వేరే జాతి కిందే ఉండేవి. మగ జంతువు జననాంగంలోని చిన్న ఎముక పొడవు చూశాకే, 1960లో మజామా జాతిలోకి మార్చారు.

అలాగని తేడాలన్నీ తిండి వల్లనే అనుకుంటే అదీ పొరపాటే. ఇజ్రాయెల్ ప్రాంతంలో నేల కింద బతికే గుడ్డి మోల్ ఎలుకలు పైకి ఒకేలా కనిపిస్తాయి, కానీ ప్రాంతాన్ని బట్టి క్రోమోజోములు 52, 54, 58, 60. 2001లో వాటిని నాలుగు వేర్వేరు జాతులుగా పేర్కొన్నారు. కాబట్టి పుర్రె, క్రోమోజోమ్, డీఎన్‌ఏ, నేల అన్నీ కలిపి చూడాల్సిందే. ఏ ఒక్కదాన్నో పట్టుకుని పేరు పెట్టడం గానీ, ఉన్న పేరు కొట్టేయడం గానీ తొందరపాటే అని నా నమ్మకం.

1973 నాటి ఆ కేంద్ర చట్టం ఉపజాతిని కూడా కాపాడదగినదిగానే లెక్కిస్తుంది. పేరు పోతే ఆ రక్షణ కూడా పోవచ్చు. అయితే పేరు ఉంటే సరిపోదు. మజామాలోనే మరో ఉపజాతి అయిన టకోమా గోఫర్‌కు 1919లో పేరు పెట్టారు. అది బతికిన నేల మీద నగరం పెరిగింది. ఇప్పుడు అది అంతరించిపోయిందనే భావిస్తున్నారు.