పర్యావరణం బోధించే టీచర్ల బృందాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పరిసరాల విజ్ఞానం చెప్పే టీచర్లం నలుగురం ఎక్కడ కలిసినా ఈ మాటలు వస్తూనే ఉంటాయి.

అపోహ: సుప్రీంకోర్టు చెప్పాకే మన దేశంలో పర్యావరణ చదువు మొదలైంది.

పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి సబ్జెక్టు చేయమంది, 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది, డిగ్రీ పిల్లలు చదివే ఆరు నెలల కోర్సు అలా వచ్చిందే. కానీ ప్రాథమిక తరగతులకు పరిసరాల అధ్యయనం ఉండాలని, జాతీయ స్థాయిలో పాఠ్యప్రణాళికలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 1975 నాటికే పాఠ్యప్రణాళికలో రాసింది. అంతకన్నా ముందే, 1972లో, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు చిన్న సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలల్లో కొత్త పద్ధతి మొదలుపెట్టాయి. పేరుకు అది సైన్స్ బోధన కార్యక్రమం. పిల్లలు చేసింది మాత్రం ఊరి మట్టిని, పంటలను, మొక్కలను తామే చూసి, రాసుకుని, ఎందుకిలా అని అడగడం. పరీక్షల్లో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు!

నన్నడిగితే అందులో అసలు విషయం నెలనెలా జరిగిన టీచర్ల సమావేశాలు. చుట్టుపక్కల బడుల వాళ్లు ఒకచోట చేరి ఏ ప్రయోగం కుదరలేదో, పిల్లలు అడిగిన ఏ ప్రశ్నకు తమ దగ్గర జవాబు లేదో చెప్పుకునేవారు. యూనివర్సిటీ నుంచి వచ్చిన వాళ్లు కూడా అక్కడ కూర్చుని వినాల్సిందే. చుట్టుపక్కల బడుల టీచర్లకు పెట్టే మన స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో సగం టైం బడి వివరాల ఫారాలు నింపడానికే పోతుంది కాబట్టి ఆ సమావేశాల గురించి చదివినప్పుడల్లా కాస్త కుళ్లుగానే ఉంటుంది.

అపోహ: టీచర్లు కలిస్తే కబుర్లే, పని జరగదు.

కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1962లో సైన్స్ రచయితల సంఘంగా పుట్టింది, తర్వాత దాని బలమంతా ఊళ్లలోని ఉపాధ్యాయులే. కేరళలోని సైలెంట్ వ్యాలీ అనే అడవి లోయలో కరెంటు కోసం డ్యామ్ కట్టొద్దని వాదించేటప్పుడు వాళ్లు అడవి అందం గురించి చెప్పి ఊరుకోలేదు. వృక్షశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ ఎం.కె. ప్రసాద్‌తో పాటు ఇంజనీర్లు, వ్యవసాయ శాస్త్రవేత్త, ఆర్థికవేత్త కలిసి కూర్చుని కరెంటు లెక్కలూ ఖర్చు లెక్కలూ తీసి జనం ముందు పెట్టారు. ప్రాజెక్టు ఆగిపోయింది, 1984లో ఆ లోయను జాతీయ పార్కుగా ప్రకటించారు.

అపోహ: మొక్కలు నాటిస్తే సరిపోతుంది.

సరిపోదు. 2001లో మొదలైన నేషనల్ గ్రీన్ కోర్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద బడుల్లో పెట్టిన ఎకో క్లబ్బులు నీళ్లు, చెత్త, జీవవైవిధ్యం మీద పని చేయడానికి వచ్చినవి, ఫొటో దిగి ఇంటికెళ్లడానికి కాదు.

అపోహ: రిజిస్ట్రేషన్, జీవో ఉంటేనే బృందం నిలబడుతుంది.

హోషంగాబాద్ కార్యక్రమానికి ప్రభుత్వ అనుమతి ఉంది, 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది, 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ తర్వాత దాన్ని నడిపింది. అయినా 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. ఇచ్చిన చేత్తోనే తీసేసుకున్నారన్నమాట. అలాగని కాగితం లేని బృందాలు చిరకాలం బతుకుతాయనీ కాదు, నడిపే ఇద్దరు ముగ్గురికి బదిలీ అయితే చాలు, ఆగిపోతాయి. ఇంకో చిక్కు, ఎవరూ ఏమీ రాసిపెట్టరు. పదేళ్ల తర్వాత ఏ ఊళ్లో కలిశారో, ఏ చెరువు మీద పిల్లలతో ఏం చేయించారో అడిగితే తలా ఒకటి చెబుతారు. అందుకే మీరు కలిసిన ప్రతిసారీ తేదీ, ఊరు, చేయించిన పని, పిల్లలు అడిగిన ప్రశ్నలు ఒక నోటుబుక్కులో రాయండి, ఆ నోటుబుక్కు ఒక్కరి దగ్గరే ఉండనివ్వకండి.