దవడ టక్కుమంటే కీలు అరిగిపోయినట్టా?

పరీక్షలు దగ్గరపడ్డాయంటే ఇంటర్ పిల్లలు దవడ పట్టుకుని వస్తారు. వెంట వచ్చిన అమ్మానాన్నల ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క ఉండదు. "నోరు తెరిస్తే చెవి పక్కన టక్కుమంటోంది, కీలు అరిగిపోయిందంటున్నారు" అంటారు. ఎవరన్నారంటే జవాబు ఉండదు. ఫోనులో చూసిన వీడియో, లేదా పక్కింటివారు.

అపోహ: చప్పుడు వస్తే కీలు పాడైనట్టే, వెంటనే సరిచేయించాలి.

వాస్తవం: కాదు. దవడ కీలులో రెండు ఎముకల నడుమ మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుంది. అది కాస్త ముందుకు జరిగి ఉంటే, నోరు తెరిచినప్పుడు కింది దవడ ఎముక తల మళ్ళీ దాని మీదికి ఎక్కుతుంది. ఆ చప్పుడే ఇది. నొప్పి లేకుండా, తన మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకుంటుంటే వైద్యమే అక్కర్లేదు. ఎంతోమంది పెద్దవాళ్ళు ఆ చప్పుడుతోనే ఏళ్ళ తరబడి నిక్షేపంగా భోంచేస్తున్నారు.

ఈ చప్పుడు పోవాలని క్లిప్పులు వేయించడం, పళ్ళు సరిగ్గా కలవడం లేదని మంచి పళ్ళను అరగదీయించడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. క్లిప్పులు పళ్ళ వరస సరిచేయడానికి. కీలు నొప్పిని నయం చేస్తాయనడానికి ఆధారం లేదు. అరగదీసిన ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) తిరిగి రాదు. అప్పు చేసి మరీ ఇవన్నీ చేయించిన కుటుంబాలున్నాయి. అసలు కారణం జోలికి ఎవరూ పోలేదు కనుక నొప్పి మాత్రం అలాగే ఉంది.

నొప్పిని మాత్రం పట్టించుకోవాలి. ఈ వయసులో అది చాలావరకు కండరాలదే. ఆ మధ్య ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళమ్మ స్కాన్ కాగితాలు తీస్తున్నంత సేపూ ఆ పిల్ల దవడ కండరం బిగుస్తూ సడలుతూనే ఉంది. నోట్లో చూస్తే చెక్కిలి లోపల పళ్ళు కలిసేచోట తెల్లటి గీత, నాలుక అంచు పొడవునా పళ్ళ అచ్చులు.

"నోరు మూసుకున్నప్పుడు పళ్ళు తాకుతున్నాయామ్మా?"

"తాకాలి కదా సార్?"

తాకకూడదు. పెదవులు మూసి ఉన్నా పళ్ళ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నమలడానికి, మింగడానికి తప్ప వాటికి కలిసే పని లేదు. చదివే బల్ల మీద "పళ్ళు విడిగా" అని చీటీ అంటించుకోమన్నాను. పెన్ను మూత కొరకడం, గోళ్ళు కొరకడం, గంటల తరబడి చూయింగ్ గమ్, గడ్డం కింద చెయ్యి ఆనించి చదవడం మానేయమన్నాను. కొన్నాళ్ళు మెత్తటి తిండి, వేడి కాపడం. కొన్ని వారాలకు నొప్పి తగ్గింది.

మిగతావి క్లుప్తంగా. నిద్రలో పళ్ళు నూరడానికి నులిపురుగులు కారణం కాదు. రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్ వాటిని అరగకుండా కాపాడుతుంది, నూరడాన్ని మాన్పించదు. చెవిలో ఏ లోపమూ కనబడని చెవిపోటుకు దవడ కూడా చూపించండి. దవడ కోణంగా కనబడాలని రబ్బరు బంతులు నమిలే కుర్రాళ్ళూ, కండరం ఉబ్బి నొప్పి పుడుతుందే తప్ప ఎముక ఆకారం మారదు!

తాత్సారం చేయకూడనిది నోరు తెరుచుకోకపోవడం. టక్కుమనే చప్పుడు ఆగిపోయి హఠాత్తుగా నోరు సగంలో పట్టేస్తే బిళ్ళ అడ్డుపడి ఉండవచ్చు. బలవంతంగా తెరవకుండా త్వరగా రండి. అలాకాక నెలల తరబడి కొద్దికొద్దిగా బిగుసుకుంటూ, కారం తగిలితే మంట పుడుతుంటే అనుమానించాల్సింది కీలును కాదు, వక్కపొడినీ గుట్కానూ. వాటివల్ల చెక్కిళ్ళ లోపలి పొర గట్టిపడుతుంది, అది క్యాన్సర్‌కూ దారితీయవచ్చు. ఆ సంగతి అడిగేటప్పుడు అమ్మానాన్నలను బయట కూర్చోబెడతాను. లేకపోతే ఏ కుర్రాడూ నిజం చెప్పడు.