ఫ్రీడా తన బొమ్మే ఎందుకు వేసుకుంది?

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

"ఫ్రీడా కాలో ఎప్పుడు చూసినా తన బొమ్మే ఎందుకు వేసుకుంది అమ్మమ్మా? తనంటే తనకు అంత ముద్దా?" అని అడిగారు కదా. అది ఫోనులో రెండు ముక్కల్లో తేల్చేసే ప్రశ్న కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, నిదానంగా చదవండి.

అప్పట్లో మెక్సికో నగరానికి ఆనుకుని ఉన్న కొయొఅకాన్‌లో 1907 జూలై 6న చిత్రకారిణి ఫ్రీడా పుట్టింది. తండ్రి గియెర్మో కాలో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన ఫోటోగ్రాఫరు. ఆరేళ్లప్పుడు పోలియో సోకి ఆమె కుడికాలు సన్నబడింది. తోటి పిల్లలు కర్రకాలని వెక్కిరించేవారు. తండ్రి మాత్రం కూతురిని మూల కూర్చోబెట్టలేదు. ఈత, కుస్తీ, బంతాట, ఆ రోజుల్లో ఆడపిల్లలకు వద్దన్నవన్నీ ఆడించాడు. ఫోటోలు తీయడానికి వెళ్లినప్పుడు వెంటబెట్టుకునేవాడు. దారిలో ఆయనకు మూర్ఛ వస్తే ఆ పిల్లే చూసుకునేది. ఫోటోల మీద సన్నని కుంచెతో మెరుగులు దిద్దడం, రంగులద్దడం కూడా ఆయనే నేర్పాడు.

ఫ్రీడా గురించి చెప్పేవారు చాలామంది ఆమెకు జరిగిన ప్రమాదంతో కథ మొదలుపెడతారు. నాకు ఆ సన్నని కుంచెతో మొదలుపెట్టాలనిపిస్తుంది. దెబ్బలు తగిలినవారు లోకంలో ఎందరో ఉన్నారు. ఒక ముఖాన్ని వెంట్రుక వెంట్రుకా విడదీసి చూసే చూపు మాత్రం పని నేర్చుకుంటేనే వస్తుంది.

ప్రమాదం సంగతీ చెప్పాలి. డాక్టరు కావాలని ఆమె మంచి బడిలో చేరింది. 18 ఏళ్ల వయసులో, 1925 సెప్టెంబరు 17న ఇంటికి వెళుతుండగా ఆమె ఎక్కిన బస్సును ట్రాము ఢీకొట్టింది. వెన్నెముక విరిగింది. కుడికాలు 11 చోట్ల విరిగింది. నెలల తరబడి వెల్లకిలా పడుకోవలసి వచ్చింది. పడుకునే బొమ్మలు వేసుకునేలా వాళ్లమ్మ ఒక స్టాండు చేయించింది. పందిరిమంచం పైన, ముఖానికి ఎదురుగా అద్దం బిగించారు.

అటూ ఇటూ తిరగలేని మనిషికి కళ్లెదుట రోజూ ఉండేది ఎవరు? అద్దంలో ఉన్న అమ్మాయే. ఎక్కువగా ఒంటరిగా ఉంటాను కాబట్టి, నాకు బాగా తెలిసిన మనిషిని నేనే కాబట్టి నన్నే వేసుకుంటానని ఆమె తర్వాత చెప్పింది. తనంటే ముద్దున్నవారు తమను అందంగా దిద్దుకుంటారు. ఫ్రీడా కలిసిన కనుబొమలను ఇంకా నల్లగా వేసింది, పై పెదవి మీది నూగును కూడా వదలకుండా వేసింది. ఇప్పుడు సంచుల మీద, కప్పుల మీద ఆమె ముఖాన్ని అచ్చువేసేవారు చాలామంది ఆ నూగును చెరిపేస్తున్నారు. నాకది నచ్చదు. ఆమె కావాలని పెట్టినదాన్ని తీసేసే హక్కు ఎవరికుంది?

మెక్సికోలో ఒక ఆచారం ఉంది. ఆపద గట్టెక్కినవారు ఆ ఆపదను చిన్న రేకు మీద బొమ్మగా వేయించి, కింద కృతజ్ఞతగా నాలుగు మాటలు రాయించి చర్చిలో పెడతారు. మనవాళ్లు వెండి కళ్లు, వెండి కాళ్లు చేయించి హుండీలో వేస్తారే, అలాంటి మొక్కే. ఫ్రీడా ఇలాంటి రేకులను వందల కొద్దీ సేకరించింది. అందులో ఒకదానిలో బస్సును ట్రాము ఢీకొన్న దృశ్యం ఉంది. వేరెవరిదో మొక్కు. ఫ్రీడా దాని మీద మళ్లీ కుంచె పట్టింది. బస్సు మీద కొయొఅకాన్ అని రాసింది. కిందపడి ఉన్న అమ్మాయికి కలిసిన కనుబొమలు పెట్టింది. తమ బిడ్డను కాపాడినందుకు మరియ మాతకు కృతజ్ఞతలని తల్లిదండ్రుల పేరిట రాసింది. ఆమె సొంత బొమ్మలు కూడా ఎన్నో చిన్నవే, కొన్ని రేకు మీద వేసినవే. ఈ మొక్కు రేకులు చూస్తే, రక్తాన్ని, బాధను దాచకుండా వేయడం ఆమె ఎక్కడ నేర్చుకుందో తెలుస్తుంది.

1929లో ఆమె డియేగో రివేరాను పెళ్లాడింది. ఆయన దేశ చరిత్రను పెద్ద పెద్ద గోడల మీద చిత్రించిన ప్రసిద్ధ చిత్రకారుడు. 1939లో విడిపోయారు, మరుసటి ఏడాదే మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆ కాపురం గురించి పెద్దయ్యాక చదువుకుందురుగాని. ఫ్రాన్సు కవి ఆంద్రె బ్రెతోఁ ఆమె చిత్రాలను చూసి అధివాస్తవికత, అంటే కలల లోకాన్ని చూపే కళ, అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు, నేను వేసేది కలలను కాదు, నా జీవితాన్నే అంది.

ఆమె పాఠాలు చెప్పిన సంగతి చాలామందికి తెలియదు. 1943లో ఒక చిత్రకళా పాఠశాలలో టీచరుగా చేరింది. ఆరోగ్యం చెడి వెళ్లలేకపోతే పిల్లలే ఆమె ఇంటికి వచ్చేవారు. చివరిదాకా నిలిచిన నలుగురిని అందరూ "ఫ్రీడా పిల్లలు" అనేవారు. నాలా వేయండని ఆమె వారికి చెప్పలేదు. వీధుల్లోకి, సంతల్లోకి పంపించింది. పుల్కే అంటే అక్కడి కిత్తనార కల్లు. అది అమ్మే దుకాణం గోడల మీద కూడా బొమ్మలు వేయించింది.

మెక్సికోలో ఆమె చిత్రాలకే ప్రత్యేకంగా మొదటి ప్రదర్శన 1953లో గాని జరగలేదు. కదలవద్దన్నా వినకుండా అంబులెన్సులో వచ్చి, హాలులో వేసిన తన మంచం మీద పడుకునే అతిథులను పలకరించింది. ఆ ఏడాదే కుడికాలు మోకాలి కింద తీసేశారు. 1954 జూలై 13న 47 ఏళ్లకే కన్నుమూసింది. పుట్టి పెరిగిన నీలి ఇల్లు 1958లో మ్యూజియం అయింది. చాలాకాలం ఆమెను డియేగో భార్యగానే చెప్పుకున్నారు. 1984లో మెక్సికో ప్రభుత్వం ఆమె చిత్రాలను జాతి సంపదగా ప్రకటించింది.

ఇక మీకో పని. 1940లో వేసిన, ముళ్ల హారం, తేనెపిట్ట ఉన్న స్వీయచిత్రాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి. అసలు చిత్రం రెండడుగుల ఎత్తే ఉంటుంది. మెడ చుట్టూ ముళ్లు, గుచ్చుకున్న చోట రక్తపు చుక్కలు, హారానికి వేలాడే చచ్చిన తేనెపిట్ట. ఒక భుజం వెనుక నల్లపిల్లి, రెండో భుజం వెనుక కోతి. కోతి చేతిలో ఆ హారం ముల్లు ఉంది. దాన్ని విప్పడానికి పట్టుకుందా, బిగించడానికి పట్టుకుందా? నేను ఒకసారి ఒకలా, మరోసారి మరోలా అనుకుంటాను. మీకేమనిపించిందో ఇద్దరూ వేరువేరుగా రాయండి, ఒకరిది చూసి ఒకరు రాయవద్దు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ