రోజుకు ఏడు ట్యాంకర్ల నీళ్లు

కర్నూలు చెత్త ఏళ్ల తరబడి నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం వైపు వెళ్లింది. అనంతపురం చెత్తకు గుత్తి రోడ్డు. ఏ ఊళ్లోనైనా అలాంటి జాగా దగ్గర పడుతుంటే ముందు కంపచెట్లకు చిక్కుకున్న క్యారీ బ్యాగులు కనిపిస్తాయి, తర్వాత వాసన వస్తుంది. అన్నిటినీ డంపింగ్ యార్డు అనే అంటాం. నిజానికి చెత్త పారబోసే జాగా వేరు, చెత్తను దాచడానికి పద్ధతిగా కట్టే ల్యాండ్‌ఫిల్ వేరు. రెండోదానికి పునాది ఉంటుంది, కాలువలు ఉంటాయి, ఎత్తుకు హద్దు ఉంటుంది. ఎన్నేళ్లకు నిండుతుందో కూడా ముందే లెక్కగడతారు.

పునాది సంగతి చూద్దాం. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం అడుగున 90 సెంటీమీటర్ల మందాన బంకమట్టిని అణగదొక్కాలి. దాని మీద 1.5 మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్ షీటు, ఆ పైన కంకర, కంకరలో చిల్లుల పైపులు. ఆ మట్టిలోంచి నీరు సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు కంటే వేగంగా దిగకూడదు. ఏడాదంతా కలిపినా మూడు సెంటీమీటర్లు, అంతే.

నల్లరేగడి మన దగ్గర కావలసినంత ఉంది కదా అనిపిస్తుంది. తడిగా ఉన్నప్పుడు అది నీటిని నిజంగానే బాగా ఆపుతుంది. చిక్కంతా ఎండాకాలంలోనే. ఏప్రిల్‌లో నంద్యాల వైపు చేలల్లో నెర్రెలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, కాలు ఇరుక్కునేంత వెడల్పున విచ్చుకుంటాయి. షీటు కప్పకుండా నాలుగు రోజులు ఎండకు వదిలేస్తే పునాదిలోనూ అదే జరుగుతుంది. అందుకే తడుపుతూ, పొరలు పొరలుగా రోలర్‌తో తొక్కించి, వెంటనే కప్పేయాలి.

కింద ఏ రాయి ఉందన్నది కూడా ముఖ్యమే. కడప, కర్నూలు, నంద్యాల జిల్లాల్లో చాలాచోట్ల సున్నపురాయి. దాన్ని నీరు మెల్లగా కరిగిస్తుంది. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు అలా ఏర్పడ్డవే. అలాంటి నేల మీద చెత్త ఊట, అంటే చెత్తలోంచి కారే మురికి నీరు, దిగితే మట్టిలో వడకట్టుకుంటూ నిదానంగా పోదు, పగుళ్లు పట్టుకుని పోయి ఎవరి బోరులో తేలుతుందో చెప్పలేం. అనంతపురం వైపు గ్రానైట్ రాయి. అక్కడా బోర్లకు నీళ్లొచ్చేది పగుళ్ల నుంచే.

రోజువారీ పని చూడటానికి మామూలుగా ఉంటుంది. బండి కాటా ఎక్కుతుంది, బరువు రాసుకుంటారు. ఆ రోజుకు గీసిన చిన్న జాగాలోనే చెత్త దింపాలి. బుల్‌డోజర్ దాన్ని పల్చగా పరిచి తొక్కుతుంది. సాయంత్రానికి 10 సెంటీమీటర్ల మట్టి కప్పాలి, వానాకాలం ముందు 40 సెంటీమీటర్లకు తగ్గకుండా ఇంకో కప్పు వేయాలి. ఈగలు, కుక్కలు, మంటలు, వాన, అన్నిటికీ అడ్డం ఆ మట్టే. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ముందు మానేసేది కూడా దాన్నే.

ఇంతకీ ఆ ఊట ఎక్కడి నుంచి వస్తుంది? వాన వల్లే అనుకుంటాం. కానీ అనంతపురంలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, ఎండకు ఆవిరయ్యేది అంతకు కొన్ని రెట్లు. పెద్దవాన పడ్డ రోజులు పక్కన పెడితే మన ప్రాంతంలో చెత్తను తడిపేవి వంటిళ్లే. కూరగాయల తొక్కలు, పుచ్చకాయ చెక్కులు, మిగిలిపోయిన సాంబారు అన్నం, హోటళ్ల అరిటాకులు. తడి చెత్తలో 70 శాతం దాకా నీరే ఉంటుంది. రోజుకు 100 టన్నుల చెత్త వచ్చే ఊరు అనుకుందాం, అందులో సగం తడి చెత్త. అంటే 35 టన్నుల నీళ్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. మే నెలలో ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే వీధుల నుంచే రోజూ ఏడు ట్యాంకర్ల నీళ్లు డీజిల్ ఖర్చు పెట్టి మరీ ఊరవతల పోసి వస్తున్నాం.

మట్టి కప్పాక లోపలి ఆక్సిజన్ కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. అది అక్కర్లేని సూక్ష్మజీవులు పని అందుకుంటాయి. మొదట ఆమ్లాలు తయారవుతాయి. ఈ దశలో వచ్చే ఊట నల్లగా, ఘాటుగా ఉండి లోహాలను కూడా కరిగించుకుని వస్తుంది. నెలలు గడిచాక మీథేన్ మొదలవుతుంది. గుట్టలోంచి వచ్చే వాయువులో సుమారు సగం అదే. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య మీథేన్ కలిసి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

మట్టి కప్పని గుట్టల్లో పై పొర ఎండకు కరకరలాడుతుంటుంది. రాగి కోసం వైర్లు కాల్చిన మంటో, పారేసిన సెల్‌ఫోన్ బ్యాటరీయో, ఆరని బీడీయో దాన్ని అంటిస్తుంది. మంట లోపలికి దిగిందంటే ఫైరింజన్ నీళ్లు అంత లోతుకు చేరవు, పైపైన జారి ఊటలో కలుస్తాయి. తవ్వి తీసి చల్లార్చాలి, లేదా మట్టితో మూసి గాలి అందకుండా చేయాలి. 2023 మార్చిలో కొచ్చి బ్రహ్మపురంలో అంటుకున్న చెత్త పూర్తిగా చల్లారడానికి పది రోజులు దాటింది.

ఇక ఊరు పెరిగితే ఏం చేయాలి? యార్డు నిండిందనగానే మొదట వినిపించే మాట కొత్త జాగా. లెక్క వేసి చూద్దాం. రోజుకు 100 టన్నులంటే ఏడాదికి 36,500 టన్నులు. బాగా తొక్కిన చెత్త ఘనపు మీటరుకు 0.8 టన్నులు తూగుతుంది. కప్పే మట్టితో కలిపి 20 ఏళ్లకు సుమారు 10 లక్షల ఘనపు మీటర్ల చోటు కావాలి. సగటున 10 మీటర్ల ఎత్తు వేస్తే 25 ఎకరాలు. అదే తడి చెత్త ఎరువుకు, పనికొచ్చే పొడి చెత్త పాత సామాన్ల కొట్టుకు పోయి, దేనికీ పనికిరాని 20 టన్నులే మిగిలితే 5 ఎకరాలు చాలు. మిగతా 20 ఎకరాలు వీధిలో బండి దగ్గరే ఆదా అయినట్టు. ఎకరాల కోసం తిరిగే అధికారులు ముందు ఈ లెక్క చూడాలని నా అభిప్రాయం.

ఎత్తు పెంచడం అందరికీ తట్టే రెండో ఉపాయం. చెత్త గుట్టలు నిటారుగా నిలబడవు. 2017 సెప్టెంబరులో ఢిల్లీ ఘాజీపూర్ గుట్ట విరిగిపడి ఇద్దరు చనిపోయారు.

మూడోది పాత గుట్టను తవ్వి జాగా ఖాళీ చేయడం. రాష్ట్రంలో సుమారు 85 లక్షల టన్నుల పాత చెత్త ఉందని లెక్కగట్టి తొలగింపు మొదలుపెట్టింది ఈ బయోమైనింగ్ పద్ధతిలోనే. తవ్విన చెత్తను వరసలుగా పోసి, తిరగేస్తూ ఆరబెట్టి, తిరిగే పెద్ద జల్లెడలో వేస్తారు. ఒకవైపు నుంచి ముదురు గోధుమ రంగు మట్టి రాలుతుంది. అందులో గాజుల ముక్కలు, బాటిల్ మూతలు, పిన్నీసులు. ఇంకోవైపు నుంచి షాంపూ ప్యాకెట్లు, చీర పీలికలు, తెగిన చెప్పులు. మట్టిలో భార లోహాలు ఉండొచ్చు, పరీక్ష చేయకుండా వేరుశనగ చేలో చల్లకూడదు. కాలే సరుకుకు మాత్రం మనకు కలిసొచ్చిన విషయం ఒకటుంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. సిమెంటు కొలిమిలో ముడిసరుకు 1,450 డిగ్రీల దాకా కాలుతుంది, బొగ్గుకు తోడుగా ఈ చెత్తనూ వాడొచ్చు. కానీ తడిగా, మట్టి అంటుకుని ఉంటే వేడి తక్కువ ఇస్తుంది. పీవీసీ రకం ప్లాస్టిక్ ఎక్కువైతే అందులోని క్లోరిన్ కొలిమిలో పేరుకుని దారులు మూసేస్తుంది.

ఇవన్నీ చేసినా కొంత కొత్త జాగా తప్పదు. 2016 నిబంధనల ప్రకారం నదికి 100 మీటర్లు, చెరువుకు, ఇళ్లకు, తాగునీటి బావులకు 200 మీటర్లు ఎడం ఉండాలి. పక్షుల భయం వల్ల విమానాశ్రయానికి 20 కిలోమీటర్లు. 10 దాటితే ప్రత్యేక అనుమతితో ఒప్పుకోవచ్చు. ఓర్వకల్లులో 2021 నుంచి విమానాలు దిగుతున్నాయి కాబట్టి కర్నూలు వాళ్లు మ్యాపు మీద ఆ గీత కూడా గీసుకోవాలి. నిండిన గుట్టను మూసేశాక 15 ఏళ్లు వాయువు, ఊట, చుట్టుపక్కల భూగర్భ జలం పరీక్షిస్తూ ఉండాలి. లోపల కుళ్లేకొద్దీ నేల కుంగుతుంది. ఆ 15 ఏళ్ల తర్వాత కూడా నేల స్థిరపడిందని, వాయువు, ఊట హద్దుల్లోనే ఉన్నాయని తేలితేనే అక్కడ ఇళ్ల మాట ఎత్తాలి. ఊరి చివర సెంటు ధర చూసి వెంచర్లు వేసేవాళ్లకు ఈ నిబంధన గుర్తుచేసే బోర్డు ఒకటి ఆ గేటు దగ్గర పెట్టడం మంచిది.