పొట్టలో చేసే డయాలసిస్: వందేళ్ల కథ, మన దగ్గర ఆగిపోయిన మలుపు

డయాలసిస్ అనగానే మనకు గుర్తొచ్చేది ఆసుపత్రి మంచం, చేతికి రెండు సూదులు, పక్కన తిరుగుతున్న మిషన్. వారానికి రెండు మూడు సార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. ఇంట్లోనే, కరెంటుతో పని లేకుండా, రోగి తనంతట తానే చేసుకోగల డయాలసిస్ ఇంకొకటి ఉందని చాలామందికి చేతికి ఫిస్టులా (మిషన్ సూదుల కోసం రక్తనాళాలను కలిపే ఆపరేషన్) పెట్టించుకున్న తర్వాత కూడా తెలియదు. అదే పెరిటోనియల్ డయాలసిస్. డాక్టర్లు, రోగులు పీడీ అంటారు.

పొట్ట లోపలి గోడను, పేగులను కప్పి ఉంచే పల్చటి పొరే పెరిటోనియం. దాని నిండా సన్నని రక్తనాళాలు ఉంటాయి. గ్లూకోజ్ కలిపిన ద్రవం రెండు లీటర్ల దాకా పొట్టలోకి ఎక్కించి కొన్ని గంటలు ఉంచితే రక్తంలోని యూరియా, క్రియాటినిన్ లాంటి వ్యర్థాలు ఆ పొర గుండా ద్రవంలోకి వస్తాయి. ఒంట్లో పేరుకున్న నీటిని గ్లూకోజ్ లాగేస్తుంది. తర్వాత ఆ ద్రవాన్ని బయటికి తీసేసి కొత్తది ఎక్కించాలి. ఇంత సులువైన ఆలోచన ఇంటి దాకా రావడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది. అన్నాళ్లూ అడ్డుపడింది ఇన్ఫెక్షనే.

1923లో జర్మనీ డాక్టరు జార్జ్ గాంటర్ మొదట జంతువుల మీద, ఆ తర్వాత మనుషుల మీద దీన్ని ప్రయత్నించాడు. రోగులు కొంత తేరుకున్నారు గానీ ఎక్కువ కాలం నిలవలేదు. 1946లో బోస్టన్‌లో ఫైన్, ఫ్రాంక్, సెలిగ్‌మన్ అనే ముగ్గురు డాక్టర్లు సల్ఫా మందు వల్ల కిడ్నీలు ఆగిపోయిన ఒక రోగిని ఈ పద్ధతితో బతికించారు. ఆ రోగి కిడ్నీలు మళ్లీ పనిచేయడం మొదలుపెట్టాయి కాబట్టి సరిపోయింది. ఇక ఎప్పటికీ కోలుకోని కిడ్నీల సంగతి ఏమిటన్నది అలాగే మిగిలింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడం అమెరికాలోని సియాటిల్‌లో జరిగింది. 1960ల మొదట్లో అక్కడ డాక్టరు ఫ్రెడ్ బోన్ పెద్ద పెద్ద గాజు సీసాలలో ద్రవం నింపి రోగులకు పదే పదే పీడీ చేశాడు. చేసిన ప్రతిసారీ పొట్టకు కొత్తగా రంధ్రం పెట్టాల్సిందే. అక్కడి మరో డాక్టరు హెన్రీ టెంక్‌హాఫ్ అయితే గొట్టం పెట్టడానికి స్వయంగా రోగి ఇంటికి వెళ్లేవాడు. వారానికి మూడుసార్లు డాక్టరే గడప తొక్కాల్సిన వైద్యం ఎంతమందికి అందుతుంది? ఆ అవస్థలోంచి పుట్టిందే 1968 నాటి టెంక్‌హాఫ్ కేథటర్. మెత్తని సిలికాన్ గొట్టం. దానికి డాక్రాన్ బట్టతో చేసిన రెండు పట్టీలు. చర్మం కింది కండ ఆ బట్టలోకి పెరిగి గొట్టాన్ని గట్టిగా పట్టేస్తుంది, బయటి క్రిములు లోపలికి పోకుండా ఆపుతుంది. నేటికీ ఎక్కువగా వాడేది ఈ గొట్టాన్నే.

1970ల మధ్యలో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఇంజనీరు రాబర్ట్ పోపోవిచ్, డాక్టరు జాక్ మాన్‌క్రీఫ్ కలిసి ఇంకో లెక్క వేశారు. ద్రవాన్ని గంటల తరబడి పొట్టలోనే ఉంచి రోజుకు నాలుగైదు సార్లు మారిస్తే మిషన్ అవసరమే లేదు, రోగి లేచి తన పనులు చేసుకోవచ్చు. అదే సీఏపీడీ, అంటే తిరుగుతూనే ఆగకుండా చేసుకునే పీడీ. కాకపోతే గాజు సీసాలను గొట్టానికి తగిలించి తీసేటప్పుడల్లా క్రిములు లోపలికి పోయేవి. కొద్ది నెలలకోసారి పొట్టలో ఇన్ఫెక్షన్ తప్పేది కాదు. టొరంటోలో డాక్టర్ డిమిట్రియోస్ ఒరియోపౌలోస్ సీసా స్థానంలో ప్లాస్టిక్ బ్యాగు పెట్టాడు. ద్రవం లోపలికి వెళ్లాక ఖాళీ బ్యాగును మడిచి బట్టల కింద దాచుకుని, మళ్లీ అందులోకే దించేవారు. మధ్యలో విప్పే పని లేదు. 1980లలో ఇటలీ నుంచి వచ్చిన వై ఆకారపు గొట్టంతో ఇన్ఫెక్షన్లు ఇంకా తగ్గాయి. కొత్త ద్రవం ఎక్కించే ముందు గొట్టాన్ని కడిగేయడమే అందులోని కిటుకు.

ఇవాళ మన ఇళ్లలో జరిగేది దాని తర్వాతి రూపం. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, మాస్కు కట్టుకుని, సబ్బుతో చేతులు బాగా రుద్ది కడుక్కుంటారు. నిండు బ్యాగును పైన కొక్కేనికి తగిలిస్తారు, ఖాళీ బ్యాగు నేల మీద ఉంటుంది. పొట్టలోది కిందికి దిగాక పైది లోపలికి వెళుతుంది. మొత్తం అరగంట, ముప్పావు గంట పని. కిందికి దిగిన బ్యాగును పేపరు మీద పెట్టి చూడమని నర్సులు నేర్పిస్తారు. అక్షరాలు చదవగలిగితే భయం లేదు. మసకగా ఉంటే ఇన్ఫెక్షన్ అని అనుమానించి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

బ్యాగు, గొట్టం కుదిరాక మిగిలింది డబ్బు, సరఫరా. ఇక్కడే ఒక్కో ప్రభుత్వం ఒక్కో దారి పట్టింది. హాంకాంగ్ 1985లోనే ముందు పీడీ, కుదరకపోతేనే మిషన్ అనే విధానం తెచ్చింది. ఆ తర్వాత అక్కడ డయాలసిస్ రోగుల్లో నాలుగింట మూడొంతుల వరకు పీడీ మీదే ఉంటూ వచ్చారు. థాయ్‌లాండ్ 2008లో అదే బాట పట్టి, బ్యాగులను పోస్టు ద్వారా పల్లెల్లోని ఇళ్లకు చేర్చింది. 2022లో రోగి ఏదైనా ఎంచుకోవచ్చని సడలించాక జనం ఒక్కసారిగా మిషన్ మీద చేసే హీమోడయాలసిస్ వైపు మళ్లారు, ఖర్చు పెరిగింది.

మన దేశంలో సీఏపీడీ 1991లో మొదలైంది. కానీ చాలాకాలం అది జేబులో డబ్బున్నవాళ్ల వైద్యంగానే ఉండిపోయింది. 2016లో కేంద్రం ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో మిషన్లు పెట్టించింది. అది చిన్న మేలు కాదు, ఎన్నో కుటుంబాలు దాని వల్లే నిలబడ్డాయి. పీడీకి మార్గదర్శకాలు మాత్రం 2019లో గానీ రాలేదు. అప్పటికే డయాలసిస్ అంటే సెంటరే అని అందరికీ స్థిరపడిపోయింది. ఇప్పటికీ మన డయాలసిస్ రోగుల్లో పీడీ మీద ఉన్నది పదింట ఒకరు కూడా కాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతే చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఏళ్లుగా ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడిస్తోంది, కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఒకప్పుడు డయాలసిస్ కోసం విశాఖ దాకా పోయేవారు. తర్వాత దగ్గర్లోనే సెంటర్లు వచ్చాయి, 2019 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఇవన్నీ కావాల్సినవే. అయినా వారానికి రెండు మూడు రోజులు రోగికీ, తోడు వెళ్లే మనిషికీ కూలి పోతూనే ఉంది. హీమోడయాలసిస్‌కు ఒక్కో విడతకు వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీళ్లు, ఆగని కరెంటు కావాలి. 2020 లాక్‌డౌన్‌లో బండి దొరక్క సెంటర్‌కు వెళ్లలేని వాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో ఆ కుటుంబాలకే తెలుసు. బ్యాగులు ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ భయం చాలావరకు తప్పింది.

పీడీ అందరికీ సరిపడదు. పొట్టకు పెద్ద ఆపరేషన్లు అయినవాళ్లకు, హెర్నియా ఉన్నవాళ్లకు కష్టం కావచ్చు. రోజూ కొంత ప్రొటీన్ ద్రవంతో పాటు పోతుంది కాబట్టి గుడ్లు, పప్పు బాగా తినాలి. షుగర్ ఉన్నవాళ్లు ద్రవంలోని గ్లూకోజ్‌ను లెక్కలో పెట్టుకోవాలి. కొన్నేళ్లకు పొర శక్తి తగ్గి హీమోడయాలసిస్‌కు మారాల్సి రావచ్చు. కానీ మొదటి ఏళ్లలో కిడ్నీల్లో మిగిలిన, మూత్రం తయారుచేసే కొద్దిపాటి శక్తిని ఎక్కువ కాలం కాపాడేది ఇదే. అందుకే ఫిస్టులా ఆపరేషన్‌కు రాసే ముందే రెండు దారులూ రోగికి, ఇంట్లోవాళ్లకు విడమరిచి చెప్పాలి.

చెప్పడంతోనే పని అయిపోదు. రోజుకు నాలుగు బ్యాగులు, ఒక్కోటి రెండు లీటర్లు. నెలకు 120 బ్యాగులు, 240 లీటర్లు, అంటే పావు టన్ను బరువు. కవిటిలోని ఒక పెంకుటింటికి నెలనెలా ఆ పెట్టెలను ఎవరు చేరుస్తారు, ఎవరు డబ్బు కడతారు, బ్యాగు మసకగా కనిపించిన రాత్రి ఫోన్ చేస్తే ఏ నర్సు పలుకుతుంది అన్నవి రాష్ట్ర ప్రభుత్వం టెండరు కాగితాల్లోనే రాసి పెట్టాల్సిన విషయాలు.